ముహూర్తానికి గంటన్నరే ఉంటే: బ్యాటరీలను భద్రంగా ఖాళీ చేయడం, త్వరగా నింపడం

తిరుచానూరులో తెల్లవారుజాము నాలుగున్నరకి ముహూర్తం. రిసెప్షన్ అయ్యేసరికే ఫ్లాష్‌లోని నాలుగు పెన్సిల్ సెల్స్ చేతులెత్తేశాయి. డ్రోన్ బ్యాటరీలు రెండూ ఖాళీ. మండపంలో దొరికిన ఒక్క ప్లగ్ పాయింటుకి అప్పటికే ఎవరిదో ఫోను వేలాడుతోంది. బ్యాటరీలు పాడయ్యేది సరిగ్గా ఇలాంటి గంటలోనే. వాడి వాడి కాలిపోతున్న సెల్‌ను అలాగే చార్జర్‌లో దూర్చేస్తారు, కొత్తదీ పాతదీ కలిపేస్తారు, పచ్చ లైటు వచ్చేదాకా తీయకుండా కూర్చుంటారు.

తొందరలో ఉన్నవాళ్ళు మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఇది. ఏ రకం బ్యాటరీ అయినా మొదటి ముప్పావు వంతు ఇబ్బంది లేకుండా నిండుతుంది, పెద్దగా వేడెక్కదు. లిథియం, లెడ్ యాసిడ్ బ్యాటరీల్లో చివరి పావు వంతే సమయం తింటుంది. నికెల్ సెల్స్‌లో అయితే వేడి పుట్టేది అక్కడే. చేతిలో గంటే ఉంటే ఆ ముప్పావు తీసుకుని పనిలోకి దిగండి. అంచు దాకా నింపడం తీరికున్న రోజు చేసుకోవచ్చు.

ముందు లేబుల్ చదవండి

సెల్ మీద 1.2 వోల్టులు అని ఉంటే అది నికెల్ జాతి. ఇప్పుడు బజారులో దొరికేవి దాదాపు అన్నీ నికెల్ మెటల్ హైడ్రైడ్. పాత కార్డ్‌లెస్ ఫోన్లలో, పాత ట్రిమ్మర్లలో మాత్రం నికెల్ కాడ్మియం కనిపిస్తుంది. 3.6 లేదా 3.7 అని ఉంటే లిథియం అయాన్. 3.2 అని ఉంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, సోలార్ దీపాల్లో ఎక్కువగా వాడేది అదే. మామూలు 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్‌ను చార్జర్‌లో పెట్టనే పెట్టొద్దు, గ్యాసు పట్టి కారుతుంది. ఈమధ్య యూఎస్‌బీ రంధ్రంతో 1.5 వోల్టుల లిథియం పెన్సిల్ సెల్స్ కూడా వస్తున్నాయి. వాటిని వాటి కేబుల్‌తోనే చార్జ్ చేయాలి, నికెల్ చార్జర్‌లో పెట్టకూడదు.

తర్వాత ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) అంకె, అంటే సెల్ సామర్థ్యం చూడండి. చార్జింగ్ లెక్కలన్నీ ఆ అంకెతోనే. 2000 ఎంఏహెచ్ సెల్‌కి 2 ఆంపియర్ల కరెంటు ఇస్తే దాన్ని 1సీ అంటారు. 1 ఆంపియర్ ఇస్తే 0.5సీ, 200 మిల్లీ ఆంపియర్లు ఇస్తే 0.1సీ. ఫాస్ట్ చార్జింగ్ అంటే సుమారు 0.5సీ నుంచి 1సీ దాకా. పెట్టె మీద “సూపర్ ఫాస్ట్” అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఔట్‌పుట్ ఆంపియర్లే నిజం. నాలుగు సెల్స్ పెడితే ఒక్కోదానికి వచ్చే కరెంటు సగానికి పడిపోయే చార్జర్లు చాలానే ఉన్నాయి, అదీ అక్కడే రాసి ఉంటుంది.

ఎండ సంగతి

నికెల్ సెల్స్‌కైనా లిథియం సెల్స్‌కైనా చార్జింగ్‌కి సాధారణ హద్దు 0 నుంచి 45 డిగ్రీలు. చాలా డ్రోన్ బ్యాటరీలకు పై హద్దు 40 డిగ్రీలే. మే నెలలో తిరుపతిలో మధ్యాహ్నం నీడలోనే 40 దాటుతుంది. మిద్దె కింద గదిలో, ఫ్యాను తిరుగుతున్నా 37, 38 ఉంటుంది. అంటే చార్జింగ్ మొదలు పెట్టకముందే సెల్ హద్దు దగ్గర నిలబడి ఉంది. నికెల్ సెల్ ఫాస్ట్ చార్జింగ్ చివర్లో పది, పదిహేను డిగ్రీలు పెరగడం మామూలే. 38 దగ్గర మొదలైతే 50 దాటిపోతుంది, అదే సెల్ తెల్లవారుజామున 27 దగ్గర మొదలైతే 42 దగ్గర ఆగుతుంది. ఎండాకాలం ఫాస్ట్ చార్జింగ్‌ను రాత్రి పదకొండు తర్వాత, లేదా పొద్దు పొడవకముందు పెట్టుకోవడం ఉత్తమం.

వాడి తీసిన సెల్‌ను పావుగంట నుంచి అరగంట ఫ్యాను గాలిలో, ఒకదానికొకటి తగలకుండా పరచండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ కొనల దగ్గర చేరి తుప్పు పట్టిస్తుంది. కారు డాష్‌బోర్డు మీద చార్జింగ్ పెట్టడం గురించి చెప్పక్కర్లేదనుకుంటాం కానీ, అలిపిరి పార్కింగ్‌లో ఎండకి నిలిపిన కార్లలో పవర్ బ్యాంకులు అలా కనిపిస్తూనే ఉంటాయి.

కావలసినవి

డీసీ వోల్టేజీ రెండు దశాంశాల దాకా చూపించే మల్టీమీటర్. ఉష్ణోగ్రత కొలిచే తీగ, అంటే కే-టైప్ ప్రోబ్, దాంతోపాటే వచ్చేది అయితే మరీ మంచిది. ఒక్కో సెల్‌కి విడిగా లైటో అంకెలో చూపించే చార్జర్. 1 ఓమ్ 2 వాట్ల రెసిస్టర్, 10 ఓమ్స్ 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్, 1ఎన్4007 డయోడ్, సెల్ హోల్డర్, క్రొకడైల్ క్లిప్పులు. ఇవి రేడియో, టీవీ స్పేర్లు అమ్మే ఏ కొట్లో అయినా దొరుకుతాయి. పాత బైకు హెడ్‌లైట్ బల్బు ఒకటి, 12 వోల్టులు 35 వాట్లది. చార్జింగ్ పెట్టే చోటుకి కడప బండ పరిచిన అరుగు గానీ ఉత్త సిమెంటు నేల గానీ చూసుకోండి. పరుపు, సోఫా, పూజగది కర్టెన్ దగ్గర వద్దు. పక్కన ఒక బకెట్ ఇసుక.

నికెల్ సెల్స్‌ను ఖాళీ చేయడం

ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేసి చార్జ్ చేయాలన్న మాట నికెల్ కాడ్మియం రోజులది. మెటల్ హైడ్రైడ్ సెల్‌కి ఆ అవసరం లేదు, ఊరికే ఖాళీ చేస్తే ఒక విడత ఆయుష్షు వృథా. ఖాళీ చేయాల్సింది మూడు సందర్భాల్లో. ఒకటి, సెల్ అసలు సామర్థ్యం ఎంత మిగిలిందో కొలవాలన్నప్పుడు. రెండు, నెలల తరబడి సగం సగం వాడి నింపడం వల్ల వోల్టేజీ దిగాలుగా ఉండి, పరికరం త్వరగా “లో బ్యాటరీ” చూపిస్తున్నప్పుడు. మూడు, ఒక సెట్‌లోని నాలుగింటినీ ఒకే స్థాయికి తేవాలన్నప్పుడు.

ఖాళీ చేయడమంటే సున్నాకి తేవడం కాదు. నికెల్ సెల్‌కి కింది హద్దు 1.0 వోల్టు, అదీ లోడ్ మీద, అంటే సెల్ కరెంటు ఇస్తున్నప్పుడు కొలిచింది. ఎక్కువ కరెంటు లాగుతుంటే 0.9. అంతకంటే కిందికి వెళితే వచ్చే అదనం దాదాపు ఏమీ ఉండదు, చెడుపు మాత్రం ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు నాలుగు సెల్స్‌నీ వరసగా కలిపి, ఫ్లాష్‌లోనో టార్చ్‌లోనో ఉంచే, పూర్తిగా ఆరిపోయేదాకా వెలిగించడం. మూడింటిలో 2000 ఎంఏహెచ్ ఉండి, ఒకటి ముసలిదై 1600కి పడిపోయిందనుకోండి. ముందు ఖాళీ అయ్యేది ఆ ముసలిదే. మిగతా మూడూ ఇంకా కరెంటు తోస్తూనే ఉంటాయి, ఆ కరెంటు ఖాళీ సెల్‌లోంచే వెళ్ళాలి, దాంతో దాని ధ్రువాలు తిరగబడతాయి. లోపల గ్యాసు పుడుతుంది, ప్లస్ కొన కింద ఉన్న చిన్న వెంట్ తెరుచుకుంటుంది, కొన్నాళ్ళకి అక్కడ ఉప్పు పొడిలా తెల్లగా పేరుకుంటుంది. ఫ్లాష్ ఆగిపోగానే సెల్స్ తీసి ఒక్కోదాన్ని మీటర్‌తో చూడండి. మూడు 1.2 దగ్గర ఉండి ఒకటి 0.9 చూపిస్తే దొంగ దొరికినట్టే. ఆ ఒక్కదాని ముందు మీటర్‌లో మైనస్ గుర్తు కనిపిస్తే, ఆ సెల్‌ను ఇక ఏ సెట్‌లోనూ కలపొద్దు.

కాబట్టి ఒక్కో సెల్‌ను విడిగా ఖాళీ చేయాలి. మంచి చార్జర్లలో “డిస్చార్జ్” లేదా “రిఫ్రెష్” బటన్ ఉంటుంది, ఉంటే అదే వాడండి. లేకపోతే ఇలా కట్టుకోండి, ఖర్చు ఒక కాఫీ అంత కూడా కాదు.

1. సెల్ హోల్డర్ ప్లస్ తీగకి 1 ఓమ్ రెసిస్టర్ కలపండి.

2. రెసిస్టర్ రెండో కొసకి 1ఎన్4007 డయోడ్ కలపండి. వెండి గీత ఉన్న కొస సెల్ మైనస్ వైపు ఉండాలి. తిరగేసి కడితే కరెంటే వెళ్ళదు, ప్రమాదం లేదు, పని జరగదు అంతే.

3. డయోడ్ గీత కొసని హోల్డర్ మైనస్‌కి కలిపి, సెల్ పెట్టండి.

4. సెల్ రెండు కొనల మధ్య మీటర్ పెట్టి, మొదట గంటకొకసారి, 1.1 కిందికి వచ్చాక పదిహేను నిమిషాలకొకసారి చూడండి. 1.0 దగ్గర తీసేయండి.

డయోడ్ ఎందుకంటే, అది తనవంతుగా 0.7, 0.8 వోల్టులు మింగేస్తుంది. సెల్ 1.25 దగ్గర ఉన్నప్పుడు దాదాపు 0.4 ఆంపియర్ వెళుతుంది, వోల్టేజీ తగ్గేకొద్దీ కరెంటు దానంతట అదే సన్నగిల్లుతుంది. మీరు నిద్రపోయి పొద్దున్నే లేచినా సెల్ సున్నాకి చేరదు, 0.6 చుట్టుపక్కల వేలాడుతూ ఉంటుంది. ఉత్త రెసిస్టర్‌కి ఈ దయ లేదు. నిండు 2000 ఎంఏహెచ్ సెల్ ఇలా ఖాళీ కావడానికి ఐదారు గంటలు పడుతుంది.

దిగాలు పడ్డ సెల్‌ను మళ్ళీ నిలబెట్టాలంటే ఇలా 1.0కి దించి, 0.1సీ దగ్గర 14 నుంచి 16 గంటలు నిదానంగా నింపండి. రెండు మూడు సార్లు చేస్తే కోలుకునేది కోలుకుంటుంది. నాలుగోసారి చేయాల్సి వస్తే దాన్ని రిమోట్‌కో గోడ గడియారానికో ఇచ్చేయండి.

నికెల్ సెల్స్‌ను త్వరగా నింపడం

కొళాయి కింద బిందె పెట్టి వెనక్కి తిరిగి నిలబడ్డా, అది నిండబోతోందని చప్పుడు మారడం బట్టి తెలిసిపోతుంది. నికెల్ సెల్ కూడా నిండేటప్పుడు అలాగే గొంతు మారుస్తుంది. చార్జింగ్ సాగుతున్నంతసేపూ వోల్టేజీ మెల్లగా ఎక్కుతుంది, 1.45, 1.5 దగ్గర శిఖరానికి చేరుతుంది, నిండిన తర్వాత కొంచెం కిందికి జారుతుంది. ఆ జారుడు ఒక్కో సెల్‌కి 3 నుంచి 10 మిల్లీవోల్టులే. తెలివైన చార్జర్ ఆ జారుడుని పట్టుకుని ఆపేస్తుంది. నికెల్ కాడ్మియంలో అది ఇంకాస్త పెద్దగా, 10 నుంచి 20 మిల్లీవోల్టుల దాకా ఉంటుంది. అందుకే కాడ్మియం కోసమే చేసిన పాత చార్జర్ మెటల్ హైడ్రైడ్ సెల్ నిండిందని గుర్తించలేక, దాన్ని ఉడకబెడుతుంది.

ఇక్కడ చాలామంది తడబడే సంగతి ఒకటుంది. సెల్ మీద జాలిపడి 0.2సీ, 0.3సీ దగ్గర పెడితే మంచిదనుకుంటారు. ఆ కరెంటులో శిఖరం బల్లపరుపుగా ఉంటుంది, జారుడు కనిపించదు, చార్జర్ ఆగదు. పెడితే 0.1సీ పెట్టి గడియారం చూసి తీయండి, లేదా 0.5సీ, ఆపైన పెట్టి చార్జర్‌నే ఆపనివ్వండి. మధ్యలో ఉన్నదే చెడ్డది.

వరస ఇదీ.

సెల్స్‌ను ఫ్యాను గాలిలో 35 డిగ్రీల కిందికి రానివ్వండి. కొనల్ని పొడి గుడ్డతో, మొండి మరకలుంటే పెన్సిల్ రబ్బరుతో తుడవండి. చార్జర్ స్ప్రింగుల్ని కూడా. ఆ మురికి వల్ల వోల్టేజీ అటూ ఇటూ గంతులేసి, చార్జర్ నిండకముందే నిండిందనుకుంటుంది.

ఒకేసారి కొన్న నాలుగింటి మీద మార్కర్‌తో అ1, అ2, అ3, అ4 అని రాయండి. తర్వాతి సెట్‌కి ఆ1, ఆ2. ఆ నాలుగూ జీవితాంతం కలిసే వాడాలి, కలిసే నింపాలి. ఏ మండపంలోనైనా చీకట్లో సెల్స్ కలిసిపోయినా ఈ గుర్తు కాపాడుతుంది.

2000 ఎంఏహెచ్ సెల్‌కి 1 ఆంపియర్ పెడితే ఖాళీ నుంచి నిండడానికి రెండుంబావు గంటలు, 2 ఆంపియర్లు పెడితే గంటా పది నిమిషాలు పడుతుంది. ఎండాకాలంలో 1 ఆంపియర్ చాలు. గంటన్నరలో అదే సుమారు 70 శాతం ఇచ్చేస్తుంది. 2500 దాటిన పెద్ద సామర్థ్యం సెల్స్ ఫాస్ట్ చార్జింగ్‌కి అంత ఓర్చుకోవు. రోజూ తొందరగా నింపాల్సిన పనికి 2000 రకం, ఎనెలూప్ లాంటి, ఊరికే ఉంచినా చార్జ్ పెద్దగా పోగొట్టుకోనివే మేలు.

మొదటి ఐదు నిమిషాల్లోనే వోల్టేజీ చూడండి. 1 ఆంపియర్ వెళుతుండగా 1.6 దాటి చూపిస్తే ఆ సెల్ లోపల ఎండిపోయింది, నిరోధం పెరిగిపోయింది. కొన్ని చార్జర్లు దాన్ని అసలు తీసుకోవు. చార్జర్ తప్పు కాదు, సెల్ వయసు.

కే-టైప్ ప్రోబ్‌ను సెల్ నడుముకి టేపుతో అంటించండి. ముప్పావు భాగం నిండేదాకా ఉష్ణోగ్రత కొద్దికొద్దిగానే పెరుగుతుంది, ఇచ్చిన కరెంటు చాలావరకు దాచుకోవడానికే పోతుంది కాబట్టి. ఆ తర్వాత లోపల ఆక్సిజన్ పుట్టి, మళ్ళీ కలిసిపోతూ కరెంటుని వేడిగా మార్చేస్తుంది. నిమిషానికి 1 డిగ్రీ చొప్పున ఎక్కడం మొదలైతే సెల్ నిండింది, చార్జర్ ఏమన్నా సరే తీసేయండి. 55 దాటనివ్వొద్దు. ప్రోబ్ లేకపోతే చెయ్యే గతి. పిడికిట్లో ఐదు లెక్కపెట్టేలోపే వదిలేయాలనిపిస్తే ఆపాల్సిన వేడికి చేరినట్టే.

పెట్టిన పది నిమిషాలకే “ఫుల్” అని వస్తే నమ్మొద్దు. నెలల తరబడి మూలన పడున్న సెల్ మొదట్లో ఒక దొంగ శిఖరం చూపిస్తుంది, చార్జర్ మోసపోతుంది. తీసి మళ్ళీ పెట్టండి. రెండోసారీ అలాగే అయితే గంటసేపు 0.1సీ ఇచ్చి, ఆ తర్వాత ఫాస్ట్ చార్జింగ్‌కి మార్చండి.

కరెంటు పోయి వస్తే ఇంకో చిక్కు. టైమర్ మీద నడిచే చవక చార్జర్, కరెంటు వచ్చిన ప్రతిసారీ లెక్క మొదటినుంచి మొదలుపెడుతుంది. నిండిన సెల్‌కి మళ్ళీ ఏడెనిమిది గంటలు నూరిపోస్తుంది. కరెంటు కోతలున్న ఊళ్ళో టైమర్ చార్జర్ పెట్టి పొలానికి వెళ్ళిపోవద్దు.

లిథియం: 18650 సెల్స్, డ్రోన్ ప్యాకులు

18650 అంటే ల్యాప్‌టాప్ ప్యాకుల్లో ఉండే గుండ్రటి లిథియం సెల్. లిథియం దగ్గర నియమాలు వేరు, శిక్షలూ వేరు. నికెల్ సెల్‌కి తప్పు చేస్తే కారుతుంది. లిథియం సెల్‌కి చేస్తే మండుతుంది.

ఒక్కో సెల్‌కి పై హద్దు 4.20 వోల్టులు, 0.05 కంటే ఎక్కువ తేడా పనికిరాదు. వాడకంలో కింది హద్దు 3.0, జాగ్రత్తపరులకి 3.2. నిల్వ ఉంచడానికి 3.8 చుట్టుపక్కల. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి మాత్రం పై హద్దు 3.65, కింది హద్దు 2.5. రెండింటి చార్జర్లనీ తారుమారు చేయకూడదు.

చార్జింగ్ రెండు అంచెలు. మొదట ఒకే కరెంటు, 4.20 వచ్చేదాకా. తర్వాత వోల్టేజీని అక్కడే పట్టుకుని కరెంటుని తగ్గిస్తూ పోవడం. బస్తాలో వడ్లు నింపేటప్పుడు మొదట దోసిళ్ళతో గుమ్మరిస్తాం, చివర్లో కుదిపి కుదిపి కొంచెం కొంచెం పోస్తాం, అలాంటిదే. కరెంటు 0.05సీ నుంచి 0.1సీకి పడిపోయాక నిండినట్టు. 1సీ దగ్గర పెడితే మొదటి అంచెలోనే ముప్పావు వంతు నిండుతుంది, కుదిపి పోసే రెండో అంచెకి దాదాపు అంతే సమయం పోతుంది. ముహూర్తం ముంచుకొస్తే మొదటి అంచె అవగానే తీసేయండి. డ్రోన్లు, బొమ్మ విమానాల ప్యాకులకి వాడే హాబీ చార్జర్లలో “ఫాస్ట్” మోడ్ చేసేది కూడా అదే, రెండో అంచెను ముందే తెంపేస్తుంది. అంతకుమించిన మాయేం లేదు.

మూడు సెల్స్ డ్రోన్ ప్యాకు, 5000 ఎంఏహెచ్‌ది అనుకుందాం. 1సీ అంటే 5 ఆంపియర్లు, నిండే దగ్గర 12.6 వోల్టులు, అంటే 63 వాట్లు. 50 వాట్ల చార్జర్ అంత ఇవ్వలేదు, 4 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. దాన్ని మించి ఆశపడొద్దు.

సెల్స్ సంఖ్య సరిగా పెట్టారా లేదా రెండుసార్లు చూసుకోండి. రెండు సెల్స్ ప్యాకుని మూడు అని పెట్టి నొక్కితే చార్జర్ ఒక్కో సెల్‌ను 6.3 వోల్టుల వైపు తోస్తుంది. ప్యాకులోని ఒక్కో సెల్ వోల్టేజీని చార్జర్‌కి విడిగా చూపించే సన్న తీగల గుత్తినే బ్యాలెన్స్ తీగ అంటారు, అది పెట్టకుండా చార్జ్ చేయడం వద్దు. అది ఉంటే చాలా చార్జర్లు సంఖ్య తప్పుని అక్కడే పట్టుకుంటాయి. నిండాక సెల్స్ మధ్య తేడా 0.05 లోపు ఉండాలి. 0.1 దాటితే ఆ ప్యాకుని ఆకాశంలోకి పంపొద్దు. ప్యాకుని మట్టి పూలకుండీలో పెట్టి, మూత బిగించకుండా చార్జ్ చేయడం చవకైన, మంచి అలవాటు.

విడి సెల్స్‌కి వాడే చిన్న చార్జింగ్ బోర్డు టీపీ4056 మొదటినుంచీ 1 ఆంపియర్‌కి అమర్చి వస్తుంది. 2000 పైన ఉన్న 18650కి అది సరే. బ్లూటూత్ స్పీకర్‌లోని 500 ఎంఏహెచ్ చిన్న సెల్‌కి అది 2సీ, సెల్ ఉబ్బిపోతుంది. బోర్డు మీది 1.2 కిలో ఓమ్స్ రెసిస్టర్ తీసి 3 కిలో ఓమ్స్ వేస్తే 400 మిల్లీ ఆంపియర్లకి దిగుతుంది. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 18650 కొనేటప్పుడు మీటర్ పెట్టి చూడండి. 2 వోల్టుల కంటే తక్కువలో ఎన్నాళ్ళో పడున్న సెల్‌లో రాగి రేకు కరిగి, మళ్ళీ చార్జ్ చేస్తే లోపలే షార్ట్ అయ్యే దారి వేసుకుంటుంది. ఉచితంగా ఇచ్చినా వద్దు. నింపి, ఒక రోజు ఊరికే ఉంచి, 4.1 కిందికి జారినదాన్ని కూడా పక్కన పెట్టండి.

లిథియాన్ని ఖాళీ చేయాల్సిన సందర్భం ఎక్కువగా ఒకటే: షూటింగ్ రద్దయింది, ప్యాకులు నిండుగా మిగిలిపోయాయి. శూన్యమాసంలో పెళ్ళిళ్ళుండవు, నిండు ప్యాకులు అలమరలో నెలరోజులు పడుంటే సామర్థ్యం తరుగుతుంది, ఎండాకాలం మరీను. రెండు మూడు రోజుల్లో వాడబోరని తెలిస్తే 3.8కి దించండి. ఆధునిక డ్రోన్ల తెలివైన బ్యాటరీలు కొన్ని రోజులకి ఆ పని అవే చేసుకుంటాయి. మామూలు హాబీ ప్యాకులకి మీరే చేయాలి. చార్జర్‌లోని “స్టోరేజ్” మోడ్ చేస్తుంది, కానీ చిన్న చార్జర్లలో ఖాళీ చేసే శక్తి 5 వాట్లే, పెద్ద ప్యాకుకి ఐదారు గంటలు పడుతుంది. బైకు హెడ్‌లైట్ బల్బు ఆ పనిని ముప్పావు గంటలో ముగిస్తుంది.

ప్యాకు బ్యాలెన్స్ తీగకి చిన్న లో వోల్టేజీ బజర్ తగిలించి 3.7కి పెట్టండి. బల్బుని బండ మీద ఉంచి ఒక్క ఫిలమెంట్‌కే తీగలు కలపండి, మూడు ఆంపియర్ల దాకా లాగుతుంది. బజర్ మోగగానే తీసేయండి. లోడ్ తీశాక వోల్టేజీ కాస్త లేచి 3.8 దగ్గర కుదురుతుంది. బల్బు గాజు చేతిని కాల్చేంత వేడెక్కుతుంది, దగ్గర్లో ప్లాస్టిక్ కవర్లు లేకుండా చూసుకోండి. నాలుగు సెల్స్ ప్యాకుకి రెండు బల్బులు వరసగా కలపాలి, ఒక్కటే పెడితే మాడిపోతుంది. విడి 18650 అయితే 10 ఓమ్స్ సిమెంట్ రెసిస్టర్ చాలు, మూడు గంటల్లో నిల్వ స్థాయికి వస్తుంది. ఇక్కడ కాపాడే డయోడ్ లేదు, మరిచిపోయి నిద్రపోతే సెల్ పోయినట్టే. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

మామిడి తోటలో స్ప్రేయర్ బ్యాటరీ

కరకంబాడి దగ్గరే అమర రాజా బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న జిల్లాలో లెడ్ యాసిడ్ గురించి ఎక్కువ చెబితే తాతకి దగ్గులు నేర్పినట్టే. క్లుప్తంగా. పూత మీద మందు కొట్టే 12 వోల్టుల 8 ఏహెచ్ బ్యాటరీకి గరిష్ఠ కరెంటు 0.3సీ, అంటే 2.4 ఆంపియర్లు. కారు బ్యాటరీ చార్జర్ పెడితే పొట్ట ఉబ్బుతుంది. నింపే వోల్టేజీ 25 డిగ్రీల దగ్గర 14.4, షెడ్డులో 40 ఉంటే 14.0, 14.1కి తగ్గించాలి. లోడ్ మీద 10.5 కిందికి వాడొద్దు. మందు కొట్టి వచ్చిన సాయంత్రమే చార్జింగ్‌లో పెట్టండి. ఖాళీగా వారం ఉంచితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత నింపినా అరట్యాంకుకే ఆగిపోతుంది.

ఈ మధ్య స్ప్రేయర్లలో లిథియం ప్యాకులు వస్తున్నాయి, పిన్ను మాత్రం పాతదే. మూడు సెల్స్ లిథియం ప్యాకు నిండేది 12.6 దగ్గర. పాత చార్జర్ 14.4 ఇస్తుంది. మధ్యలో ఉన్న రక్షణ బోర్డు ఒక్కటే అడ్డు, అది పనిచేయని రోజున మంటే. పాత చార్జర్ మీద “లెడ్ యాసిడ్ మాత్రమే” అని రంగుతో రాసి పెట్టండి.

ఉబ్బిన, దెబ్బతిన్న బ్యాటరీ

ఉబ్బిన లిథియం ప్యాకుని గుచ్చి గాలి తీయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చార్జింగ్ పెట్టొద్దు. వేడిగా ఉన్నా, బుసకొడుతున్నా, తియ్యటి ఘాటు వాసన వస్తున్నా దానికి ఏ తీగా కలపకుండా, ఆరుబయట ఇసుక మీద పెట్టి దూరంగా ఉండండి. పొగ పీల్చొద్దు. మంట లేస్తే మెయిన్ ఆపి, సమృద్ధిగా నీళ్ళు పోయండి. ఒక చెంబు సరిపోదు, లోపలి వేడి చల్లారేదాకా పోస్తూనే ఉండాలి. ఇసుక మంట పక్కకి పాకకుండా ఆపుతుంది, సెల్‌ను చల్లార్చలేదు.

చల్లగా, కదలకుండా ఉన్న ఉబ్బిన ప్యాకుని పారేసే ముందు నిదానంగా ఖాళీ చేయాలి. 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు కలిపి, మిద్దె మీద నీడలో, ఇసుక పోసిన కుండీలో ఒకటి రెండు రోజులు వదిలేయండి. మీటర్ సున్నాకి దగ్గరగా చూపిస్తే పని అయింది. ఉప్పునీళ్ళలో వేసే పద్ధతి గురించి చాలామంది చెబుతారు. కానీ ఉప్పునీళ్ళు ముందు తినేసేది కొసల్ని. కొసలు ఊడిపోయాక లోపలి కరెంటు లోపలే ఉండిపోతుంది, ఖాళీ అయిందనుకుని మీరు చేత్తో పట్టుకుంటారు.

2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు, విడిగా, సేకరించేవాళ్ళకో రీసైకిల్ చేసేవాళ్ళకో చేర్చాలి. లెడ్ యాసిడ్‌ది చిక్కు లేదు, పాతది ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు. లిథియం, నికెల్ సెల్స్‌ని కొనలకి టేపు వేసి, ఒక్కోదాన్ని విడిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇవ్వండి. ప్యాకు తీగలు కత్తిరించాల్సి వస్తే ప్లస్, మైనస్ రెండింటినీ కలిపి కత్తెర వేయొద్దు, కత్తెరే షార్ట్ చేస్తుంది. ఒకటి కత్తిరించి, టేపు చుట్టి, ఆ తర్వాతే రెండోది.